తూకం చీటీ వెనక

ఇరవై ఆరేళ్ళుగా గుంటూరు మిరప యార్డులో
పద్దులు రాస్తున్నాను.
దగ్గు నా ఇంటిపేరు.
మార్చి నెలలో మా గేటు దాటి వెళ్ళే గాలికి కూడా
కళ్ళు ఎర్రగా ఉంటాయి.
నా కడుపులో మాత్రం పన్నెండు నెలలూ మార్చే.

ఆ ఏడు తేజా కొనడానికి
చెంగ్డూ నుంచి ఒకావిడ వచ్చింది.
పేరు వెన్ లీ.
హమాలీల నోట రెండోరోజుకే వెన్నెలమ్మ అయింది.
కాయ విరిచి, గింజ చూసి, వాసన పట్టి
ధర చెప్పకుండా నవ్వే మనిషి.

నేను గ్యాస్ మాత్ర చించుకుంటుంటే చూసి
దుబాసీ కుర్రాడితో ఏదో అంది.
వాడు మొహమాటపడుతూ
"నాలుక చాపమంటోందండీ" అన్నాడు.

అరవై బస్తాల మధ్య, కాటా ముందు,
చినమస్తాను ముఠా అంతా చూస్తుండగా
యాభై మూడేళ్ళవాణ్ణి, నాలుక చాపాను.
కాయని చూసినట్టే చూసింది:
రంగు, అంచులు, నడిమి పగులు, పైన పసుపు పూత.
మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి
ఎక్కడో దూరాన వస్తున్న రైలు వింటున్నట్టు
కళ్ళు మూసుకుంది.

"మా ఊరికి ఎండ చుట్టపుచూపుగా వస్తుంది.
తడి ఎముకల్లోకి దిగుతుంది.
దాన్ని తరమడానికి మీ కాయ కొనుక్కుపోతాం.
మీకు ఆకాశమే కారం కదా,
మళ్ళీ కంచంలో ఎందుకు?"

అంత బాగా ఆవిడే చెప్పిందో
దుబాసీ కల్పించాడో తెలీదు.
చినమస్తాను తలగుడ్డ దులుపుకుని
"నిజమేనండోయ్" అన్నాడు.

తూకం చీటీ తిరగేసి ఆవిడ బొమ్మలు గీసింది,
కుర్రాడు పక్కన తెలుగు రాశాడు.
పెసలు. బార్లీ. బూడిద గుమ్మడి.
బేరిపండు, తొక్కతోనే ఉడకేసి.
ఎండిన చామంతులు, వేడినీళ్ళలో.
పొద్దున్నే గంజి, గోరువెచ్చగా, మాట్లాడకుండా.
మాట్లాడకుండా అన్నచోట రెండు గీతలు కొట్టించింది.

నాగరత్నం చీటీని దూరంగా పట్టుకుని చదివింది.
"పెసరకట్టు చలవని చెప్పడానికి
విమానమెక్కి రావాలా?
మీకు వేడి చేసిందని పెళ్ళైన నాటినుంచీ మొత్తుకుంటున్నా.
దిష్టికి కట్టే కాయ కూరొండాలా?
చామంతులు దేవుడికా, తమకా?"
అంటూనే బార్లీ నానబోసింది.

మొదటి వారం
నోరు ఆసుపత్రి మంచమెక్కినట్టుంది.
పక్కవాటాలో జాడీ మూత తీసినా వినపడేది.
తొమ్మిదో రోజు గోంగూరలో పండుమిరప కలుపుకుని
వంటింట్లో దొంగలా నిలబడి తిన్నాను.
రాత్రి కడుపు నిలదీసింది.
పదో రోజు మళ్ళీ గంజి.

నయమైందా అంటే,
డాక్టరు ఒక మాత్ర తీసేశాడు, ఒకటి ఉంచాడు.
గంజి ముందు నోరు మూసుకు కూర్చోవడం మాత్రం వచ్చింది.
ఆ పది నిమిషాల్లో తెలిసింది,
ఇన్నేళ్ళూ నేను తిన్నది అన్నం కాదు.
ధరలు తిన్నాను, కాటా తేడాలు తిన్నాను.
రైతు మొహం చూడకుండా తరుగు రాసి
ఆ చేత్తోనే ముద్ద కలిపాను.
మంటంతా కాయదేనని ఎలా అనను?

ఈ ఏడు వెన్నెలమ్మ రాలేదు.
ఎవరో కుర్రాడొచ్చాడు, చేతిలో తేమ కొలిచే మీటరు.
బస్తాలో గుచ్చి, అంకె చూసి పోతాడు.
నాలుకలతో పని లేదు.

నిన్న, ధర పడిపోయిన రోజు,
యాజలి రైతొకాయన తన బస్తా మీదే
పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.
ఏమనాలో తెలీక
"ఒకసారి నాలుక చూపించు పెద్దాయనా" అన్నాను.
వింతగా చూసి, చాపాడు.
రంగులు చదవడం నాకేం తెలుసు?
పసుపు పూత ఉంది. నడుమ పగులుంది.
నా ఫ్లాస్కులో గంజి మూతలో పోసిచ్చాను.
తాగుతూ ఏదో చెప్పబోయాడు.
తర్వాత, అన్నాను.

చిట్టాలో ఆయన వరస దగ్గర
తరుగు గడి
ఇంకా నింపలేదు.